బాపు తాగిన రెండో గ్లాసు

మా బాపు జీవితంలో మొదటిసారి భంగు తాగిన రోజునే నాకు పాఠం చెప్పడం వచ్చింది. అప్పటికే నేను ఎనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. మరి ఆ ఎనిమిదేళ్లు ఏం చేశావని మాత్రం అడగొద్దు, నా పాత విద్యార్థులకు నవ్వొస్తుంది.

నాందేడ్‌లో ఒక కాలేజీలో నేను శరీరధర్మశాస్త్రం చెబుతాను. అప్పట్లో తాసికల మీద చెప్పేదాన్ని. తాసిక అంటే ఇక్కడి మరాఠీలో గంట క్లాసు. క్లాసు ఉంటే జీతం, లేకపోతే లేదు. పండగ సెలవులు వస్తున్నాయంటే ఊరంతా సంబరపడుతుంది, తాసికల వాళ్లం మాత్రం క్యాలెండరు వైపు గుర్రుగా చూస్తాం. పర్మనెంటు పోస్టు కోసం మూడుసార్లు ఇంటర్వ్యూకి వెళ్లి మూడుసార్లూ ఒకే చోట బోల్తా పడ్డాను. కమిటీ ముందు పావుగంట పాఠం చెప్పి చూపించాలి. రెండు నిమిషాలు బాగానే నడుస్తుంది. అప్పుడు ఎవరో ఒక పెద్దమనిషి కళ్లద్దాలు సర్దుకుని, "మేడం, సోప్యా భాషేత్ సాంగా," అంటాడు. తేలిక మాటల్లో చెప్పమని. అంతే, నా నోటికి తాళం పడిపోతుంది. బరువైన మాటలు నా దగ్గర బస్తాలకొద్దీ ఉన్నాయి. తేలికది ఒక్కటి కావాలంటే దొరకదు.

నాలుగోసారి పిలుపు వచ్చింది. హోలీ అయిన మూడో రోజున ఇంటర్వ్యూ. ఈసారి ఆ కుర్చీ ఇంకెవరికైనా దక్కితే నా తాసికలు కూడా వాళ్లకే పోతాయి, నేను ఇంట్లో కూర్చోవాలి. పాఠం కూడా వాళ్లే ఇచ్చారు: గంజాయి మన శరీరంలోని ఎండోకన్నాబినాయిడ్ వ్యవస్థ మీద ఎలా పని చేస్తుంది. ఆ మాట పలకడానికే రెండుసార్లు ఊపిరి తీసుకోవాలి. దాన్ని తేలిక మాటల్లో చెప్పాలట! వారం రోజులు అద్దం ముందు నిలబడి చెప్పుకున్నాను. అద్దంలో ఉన్న మనిషికి కూడా అర్థం కాలేదు.

ఇక మా బాపు సంగతి. బాపుది నిజామాబాద్ వైపు పల్లె, అమ్మది కుండల్‌వాడి. రైల్వే ఉద్యోగం ఇద్దరినీ నాందేడ్‌లో దింపింది, మేమిక్కడే పాతుకుపోయాం. బాపు ముప్పై ఆరేళ్లు గూడ్సు బండ్లకు గార్డుగా చేశాడు. బండికి చిట్టచివర ఉండే డబ్బాలో ఒంటరిగా కూర్చుని, ఎండకు ఎండి, చలికి వణికి, జెండా ఊపి, సీటీ, అంటే ఈల, ఊదిన మనిషి. ఆ హోలీకి రిటైరై ఆరు నెలలు. సీటీ ముందుగదిలో మేకుకు వేలాడుతోంది. ఆఖరి డ్యూటీ తర్వాత దాన్ని ఊదలేదు. రెండు జెండాలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి, ఎర్రదొకటి, పచ్చదొకటి. ఒక ఏడాది రైల్వే వాళ్లిచ్చిన జెండాలు పీలికలైపోతే, కొత్తవి వచ్చేదాకా ఆగలేక అమ్మ జాకెట్టు గుడ్డతో కుట్టి ఇచ్చినవి అవి.

డ్యూటీ పోయింది గాని టైము పిచ్చి పోలేదు. పన్నెండున్నరకు అన్నం పెట్టాలి. పన్నెండూ ముప్పై అయిదయితే, "అయిదు నిమిషాలు లేటు," అని ప్రకటిస్తాడు.

"ఇది వంటిల్లు, టేషన్ గాదు," అంటుంది అమ్మ. "గంత తొందరుంటె పోయి ప్లాట్‌ఫారం మీద తినుండ్రి."

మా పక్కింటి చాచా ఇంజన్ డ్రైవరుగా రిటైరయ్యాడు. కాశీకి అవతల ఏదో ఊరాయన. బాపూ ఆయనా ఏళ్ల తరబడి ఒకే బండిలో పనిచేశారు, అయితే మధ్యన అర కిలోమీటరు పైగా వ్యాగన్లు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా అంత గట్టి స్నేహం ఎలా కుదిరిందో నాకు తెలియదు, బహుశా అందుకే కుదిరిందేమో. హోలీ మర్నాడు, రంగుల రోజున, చాచా రెండు గిన్నెల నిండా ఠండాయి చేస్తాడు. స్టీలు గిన్నెలో ఉత్త బాదంపాలు. ఇత్తడి గిన్నెలో భంగు, అంటే గంజాయి ఆకు ముద్ద, కలిపింది. బాపు ఎప్పుడూ స్టీలు గిన్నెవాడే. డ్యూటీ ఎక్కేముందు గొట్టంలో ఊదించి చూస్తారు కదా. ఆ గొట్టం సారాను పట్టుకుంటుంది గాని భంగును కాదు బాపూ అని నేనొకసారి చెబితే, "నియ్యత్ అనేది ఒకటుంటది బిడ్డా," అన్నాడు. నియ్యత్ అంటే మనసులోని నిజాయితీ, దానికి గొట్టంతో పనిలేదు.

రిటైరైన మొదటి హోలీకి బాపు తెల్ల లాల్చీ వేసుకుని, పౌడరు రాసుకుని, పెళ్లికొడుకులా చాచా డాబా ఎక్కాడు. నేరుగా ఇత్తడి గిన్నె వైపు చెయ్యి చాపాడు. చాచా కళ్లలో నీళ్లు తిరిగాయి. ముప్పై ఏళ్లుగా ఎదురుచూసిన సిగ్నల్ పడింది మరి.

"కూసే గాడిద అచ్చి మేసే గాడిదను చెడగొట్టిందట," అని అమ్మ మా డాబా మీది నుంచే అంది. ఎవరు ఏ గాడిదో చెప్పలేదు.

చాచాకు ఇన్నేళ్లలో మా తెలుగు బాగానే అబ్బింది. "గార్డ్ సాబ్, గంటల ఎక్కుతది. ఫికర్ నక్కో. గని ఒక్క గ్లాసే," అన్నాడు.

ఆ "గంట" అనడమే కొంప ముంచింది. ఇంకో మనిషికి గంటంటే కాస్త అటూ ఇటూ. గార్డుకు గంటంటే అరవై నిమిషాలు. బాపు సరిగ్గా పది గంటలకు గ్లాసు ఖాళీ చేసి, చేతిగడియారం చూసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అంతకుముందే నిన్నటి పోలెలు, అంటే బొబ్బట్లు, నాలుగు, నెయ్యి ముంచుకుని తిని ఉన్నాడు. నిండుకడుపున భంగు మెల్లగా కదులుతుంది. పేగు దాటి, కాలేయంలోకి వెళ్లి, అక్కడ ఇంకా గట్టి పదార్థంగా మారి, అప్పుడు నెత్తురుతోపాటు మెదడుకెక్కుతుంది. దానికి గంట పట్టొచ్చు, రెండూ పట్టొచ్చు. ఇదంతా నాకు తెలుసు. కానీ నేను కింద గదిలో తలుపేసుకుని, అద్దానికి ఇదే పాఠం బరువైన మాటల్లో ఒప్పజెబుతున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందనేది నాలాంటి వాళ్లను చూసే పుట్టింది.

పదకొండయింది. బాపుకు ఏమీ కాలేదు. అయిదు నిమిషాలు గ్రేసు ఇచ్చాడు. పదకొండూ అయిదుకు లేచి, "బండి రాలే. క్యాన్సల్," అని చెప్పి, చాచా మనవలకు రంగు పూయడానికి పోయిన సందులో, తనే ఇంకో గ్లాసు నింపుకున్నాడు. రాని బండి స్థానంలో ఇంకో బండిని పంపించాడన్నమాట. మొదటిది రద్దవలేదు, వెనక ఎక్కడో మెల్లగా వస్తోంది. ఇప్పుడు ఒకే పట్టా మీద రెండు బండ్లు.

పదకొండున్నర దాటాక బాపు మెట్లు దిగి మా ఇంట్లోకి వచ్చాడు. వస్తూనే వంటింటి గడప దగ్గర ఆగి, అమ్మ చేతిలోని గరిటెను ప్రేమగా చూడసాగాడు.

"ఏంది?" అంది అమ్మ.

"ఏం లేదు. ఎంత మంచి గరిటె," అన్నాడు.

ముప్పై మూడేళ్ల కాపురంలో గరిటెకు గాని, గరిటె పట్టుకున్న మనిషికి గాని అలాంటి మాట దక్కలేదు. అమ్మ నన్ను కేకేసింది.

నేను వచ్చేసరికి బాపు మంచం మీద కూర్చుని పైన తిరిగే ఫ్యాను చూసి నవ్వుతున్నాడు. చిరునవ్వు కాదు, పొట్ట పట్టుకుని నవ్వడం. ఏమైంది బాపూ అంటే ఫ్యానును చూపించాడు. "పొద్దుగాల సంది ఉరుకుతున్నది, ఏడికీ పోతలేదు!" అన్నాడు. నాకు నవ్వు తన్నుకొచ్చింది. అమ్మ నన్ను చూసి కోప్పడబోయి తనూ నవ్వింది. నేను చుక్క కూడా ముట్టలేదని ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను. అయినా ముగ్గురం అలా ఫ్యానును చూసి నవ్వుతూ కూర్చున్నాం.

తర్వాత బాపు లేచి గోడ పట్టుకుంటూ వెళ్లి మేకు మీది సీటీ తీశాడు. ఊదుదామని నోట పెట్టుకున్నాడు. నవ్వు ఆగితేగా! పెదవులు బిగించిన ప్రతిసారీ పుసుక్కున నవ్వు, సీటీలోంచి ఉత్త గాలి. నాలుగుసార్లు ప్రయత్నించి, ముఖం గంభీరంగా పెట్టి, దాన్ని మళ్లీ మేకుకు తగిలించాడు.

"ఇది ఉత్తుత్తగ ఊదేది గాదు," అన్నాడు. "బండి నిజంగ కదిలితెనే ఊదాలె."

అక్కడిదాకా సరదాగానే ఉంది. మంచం మీదికి వచ్చి పడుకున్నాక ఆయన ముఖం మారింది. గడియారం చూసుకున్నాడు.

"ఎంత సేపాయె?"

"అయిదు నిమిషాలు బాపూ."

"అబద్ధం. నేను ముద్ఖేడ్ దాక పోయి అచ్చిన." ముద్ఖేడ్ మాకు బండిలో అరగంట దూరం. మళ్లీ చూసుకున్నాడు. గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ముప్పై ఆరేళ్లు సెకనుతో సహా నమ్మిన గడియారం అది. "ఇది ఆగింది. లేకుంటె నేను ఆగిన." ఉన్నట్టుండి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "బిడ్డా, బండి పోతున్నది. నన్ను ఇడిసిపెట్టి పోతున్నది. ఎన్క డబ్బ ఊడింది, ఎవ్వలు చూస్తలేరు."

ఆయన గుండె లాల్చీ మీదికి కనబడేలా కొట్టుకుంటోంది. బాపుకు బీపీ ఉంది. నాకు నిజంగా భయం వేసింది. నవ్వుతూ కూర్చున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. మా వీధి డాక్టరుగారికి ఫోను చేశాను. పడుకోబెట్టండి, నీళ్లు తాగించండి, ఒంటరిగా నడవనివ్వద్దు, ఛాతీలో నొప్పి అన్నా, తెలివి తప్పినా వెంటనే తీసుకురండి అన్నారాయన. అమ్మ తడిగుడ్డ తెచ్చి నుదుటి మీద వేసింది. నేను నాడి పట్టుకుని లెక్కపెడుతూ కూర్చున్నాను. వేగంగా ఉంది గాని లయ తప్పలేదు.

"నేను సస్తనా?" అన్నాడు బాపు.

అప్పుడు నాకు కమిటీ లేదు, అద్దం లేదు. మా బాపు భయపడుతున్నాడు, ఆయన భయం తగ్గాలి. అంతే.

"చావవు బాపూ. ఇను, నీ తలకాయల ఏమైతున్నదో చెప్త. మెదడుల కణాలుంటయి. ముందటి కణం డ్రైవర్ అనుకో. ఎన్కటి కణానికి కబుర్లు తోస్తనే ఉంటది. భయపడు, ఉరుకు, యాది పెట్టుకో అని. అది మరీ జోరు చేసిందనుకో. ఎన్కటిది ఏం జేయాలె?"

బాపు కళ్లు తెరిచాడు. "జెండ చూపాలె."

"గదే చేస్తది. దాని ఒంట్లె ఉన్న కొవ్వుల నుంచి అప్పటికప్పుడు ఒక మందు తయారు జేసి, ఉల్టా, ముందటికి పంపుతది. ముందటి కణం మీద ఆ జెండను చూసే కండ్లు ఉంటయి. చూడంగనే మెల్లగైతది."

నేను చెప్పిన మాట నాకే కొత్తగా వినబడింది. ఎనిమిదేళ్లు చెప్పిన పాఠంలో ఈ మాటలు ఎక్కడా లేవు.

"చూపినంక జెండ మడవాలె గద?" బాపు లేచి దిండుకు ఆనుకున్నాడు. డ్యూటీ ప్రశ్న వచ్చేసరికి ఆయన గొంతు సర్దుకుంది.

"మడుస్తది. పనైనంక ఆ మందును ఎంబడే ఇరగ్గొట్టేస్తది. దానికి ఆనందమైడ్ అని పేరు. ఆనందం మీదనే పెట్టిండ్రు."

"మంచి పేరు పెట్టిండ్రు. మాకేమొ గార్డ్ అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అని పెట్టిండ్రు," అని గొణిగి, "మరి భంగు?" అన్నాడు.

"భంగుల ఉన్నది కూడ గసొంటి జెండనే. ఆ కండ్లకు ఫరక్ తెల్వది. గని అది ఎన్కటి కణం పంపింది గాదు."

బాపు మంచం మీద ఒక గుద్దు గుద్దాడు. "అంటె గార్డ్ గానోడు డబ్బ ఎక్కి జెండ ఊపుతున్నడు!"

"ఒక్క బండికి గాదు, దొరికిన బండికల్లా ఊపుతున్నడు. యాది ఉండే తావుల, టైము సూసే తావుల, తూలకుంట నడిపిచ్చే తావుల, ఆకలి కాడ, నోట్ల తడి కాడ. అందుకే నీకు అయిదు నిమిషాలు ముద్ఖేడ్ అంత పొడుగైంది. ఇంకోటి, వాడు జెండ మడవడు. ఎంబడే ఇరగది అది, గంటలు పడ్తది. నువ్వు ఇద్దరిని ఎక్కిచ్చినవాయె."

"ఊపిరి ఆపుతడా?"

"ఊపిరి నడిపే తావుల ఆ కండ్లు చాన తక్కువ. అక్కడ వాని ఆట సాగది. నీ గుండెను నేను చూస్తనే ఉన్న."

బాపు పక్కనున్న నీళ్ల గ్లాసు ఖాళీ చేశాడు. నాడి కొద్దిగా నెమ్మదించింది. తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు.

"బిడ్డా, ఎన్కటోడు జెండ చూపితె ముందటోడు నిజంగనే ఇంటడా?"

"ఇంటడు బాపూ. వాడు చూపకుంటె నెత్తిల నెమ్మది అనేదే ఉండది."

బాపు కళ్లలోంచి నీళ్లు చెవుల మీదికి జారాయి, పైన నవ్వు కూడా వస్తోంది. "ముప్పై ఆరేండ్లు," అన్నాడు. "బండి అచ్చిందంటె అందరు ఇంజన్ దిక్కే చూస్తరు. చిన్న పోరగాండ్లు గూడ డ్రైవర్‌కే చెయ్యి ఊపుతరు. ఎన్క ఒకడున్నడని ఎవ్వనికి యాదికి రాదు. నాకే రాకుంటుండె, బిడ్డా. నువ్వు సద్విన సద్వుల నేను ఉన్నానా?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఉన్నవ్ బాపూ, అందరి తలకాయలల్ల ఉన్నవ్ అన్నాను. అమ్మ తడిగుడ్డ మార్చే నెపంతో ముఖం పక్కకు తిప్పుకుంది.

సరిగ్గా అప్పుడే రంగులతో ఊదాగా మారిపోయిన చాచా, ఇత్తడి గిన్నె ఎందుకు తగ్గిందో తెలిసి, పరుగెత్తుకుంటూ వచ్చాడు. బాపు ఆయనను కూర్చోబెట్టి పాఠం మొత్తం చెప్పాడు. చివర, "డ్రైవర్ సాబ్, మెదడుల గూడ గార్డ్‌దే నడుస్తది," అన్నాడు. చాచా చేతులు జోడించి ఒప్పుకున్నాడు. బండి నడిపేది డ్రైవరా గార్డా అన్న వాళ్ల ముప్పై ఏళ్ల వాదన భంగు దయవల్ల తేలిపోయింది. సాయంత్రానికి బాపుకు ఆకలి పుట్టింది. మిగిలిన పోలెలన్నీ మామిడికాయ పచ్చడితో తిని, మర్నాటి పొద్దున దాకా నిద్రపోయాడు.

లేచాక తల దిమ్ముగా ఉందన్నాడు, ఇంకెప్పుడూ ఆ గిన్నె జోలికి పోనని అమ్మ చేతిలో చెయ్యి వేశాడు. గరిటె సంగతి గుర్తులేదన్నాడు. అమ్మ నమ్మలేదు. చాయ్ తాగుతూ ఉన్నట్టుండి నాతో అన్నాడు: "ఇంకో ముచ్చట బిడ్డా. గార్డ్ గానోడు రోజు ఎర్రజెండ ఊపుతుంటె, ఏమైతదో ఎర్కనా? డ్రైవర్ చూసుడే బంద్ చేస్తడు. ఆఖరికి అసలు గార్డ్ ఊపినా చూడడు." నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. రోజూ గంజాయి పట్టేవాళ్ల మెదడులో ఆ కళ్లు తగ్గిపోతాయని నా పుస్తకంలో రెండు పేజీల నిండా ఉంది. బాపు ఆ పుస్తకం ఎన్నడూ తెరవలేదు.

ఇంటర్వ్యూ రోజున అమ్మ కుట్టిన జెండాలు రెండూ నా సంచిలో పెట్టుకున్నాను. ధైర్యానికి మాత్రమే. కమిటీలో నలుగురు. రెండు నిమిషాలు బాగానే నడిచింది. అందులో పెద్దాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "మేడం, సోప్యా భాషేత్..."

తాళం పడింది. గోడ గడియారం చప్పుడు వినబడుతోంది. అయిదు నిమిషాలు ముద్ఖేడ్ అంత పొడుగు ఎలా అవుతుందో ఏ భంగూ లేకుండానే తెలిసొచ్చింది. చెయ్యి దానంతట అదే సంచిలోకి వెళ్లింది. ఎర్రజెండా తీసి బార్లా చాపాను. ఒకాయన ఉలిక్కిపడి కుర్చీ వెనక్కి జరిపాడు.

"సర్, నేను గూడ్సు బండి గార్డును అనుకోండి," అన్నాను మరాఠీలో.

ఆ తర్వాత నేను ఆగలేదు. గది ఆ చివరనుంచి ఈ చివరకు నడిచాను, ఊపాను, మడిచాను, దొంగ గార్డును ఎక్కించాను. కుర్చీ జరుపుకున్నాయనే నవ్వడం మొదలుపెట్టాడు. చివర్న పెద్దాయన అడిగాడు: "మరి రోజూ దొంగ జెండా ఊపుతుంటే?" నాకు నవ్వాగలేదు. బాపు చాయ్ తాగుతూ చెప్పిన మాటను అక్షరం పొల్లుపోకుండా మరాఠీలో చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఈ ఉదాహరణ ఏ పుస్తకంలోది అని అడిగాడు. పుస్తకంలోది కాదు, వెనక డబ్బాలోది అన్నాను.

నోటీసు బోర్డు మీద జాబితా పెట్టిన రోజు కాలేజీలో పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్లను తోసుకుని వెళ్లి చూశాను. నా సబ్జెక్టు ఎదురుగా ఒకే ఒక పేరుంది. రెండుసార్లు చదివాను, మూడోసారి వేలుపెట్టి చదివాను. అది నాదే. ఇంటికి ఫోను చేశాను. బాపు ఎత్తాడు.

"బాపూ, అచ్చింది," అన్నాను.

అవతల అడుగుల చప్పుడు. మేకు దగ్గర గోడకు ఏదో గీసుకున్న చప్పుడు. "ఏందది, ఏం జేస్తున్నరు, పక్కోళ్లు ఉరికస్తరు!" అని అమ్మ గొంతు. తర్వాత ఫోనులోంచి సీటీ మోగింది, పొడుగ్గా, గట్టిగా, ఆరు నెలలు దాచిన ఊపిరంతా పెట్టి. నోటీసు బోర్డు దగ్గరున్న పిల్లలందరూ నా వైపు తిరిగి చూశారు.